పదిహేను నిమిషాల దూరం

మా కోవెంట్రీల తెలుగోళ్ళ ఇండ్లల్ల ఎవరింటికి పోయినా డాక్టర్లు, సాఫ్ట్‌వేరోళ్ళే. "అంకుల్, మీరేం చేస్తుండె?" అని అడుగుతరు. ఎయిర్‌లైన్స్‌ల చేసిన అంటే ముఖాలు వెలుగుతయి. హైదరాబాద్ ఫ్లైట్ల గురించి ఏదో చెప్తననుకుంటరు. నేను పనిచేసిన కంపెనీ విమానాలు హైదరాబాద్ కాదు గదా, లండన్ గూడ పోవు. ఎనిమిది మంది కూసునే చిన్న విమానాలు. స్కాట్లాండ్ పైన, ఉత్తరాన, సముద్రంల చెల్లాచెదురుగ పడున్న దీవుల నడుమ తిరుగుతయి. వాటికి టైంటేబుల్ రాసుడు నా పని. 2008ల చేరిన, 2019ల దిగిన.

మొన్న ఒకరింట్ల సత్యనారాయణ వ్రతం కాడ ఒక పిల్ల కలిసింది. పేరు మౌనిక, సిద్దిపేట పిల్ల. ఏదో పెద్ద ఎయిర్‌లైన్స్‌ల ప్లానింగ్ ఉద్యోగం దొరికిందట. "అంకుల్, ఫస్ట్ ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఫోన్ తీసి చూపిచ్చింది. "రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరమెంత, ఫ్లైట్ టైమ్ ఎంత అన్నీ ఈ సైటే చెప్తది గదా. మరి మీరు పదకొండేండ్లు ఏం చేసిన్రు అంకుల్?"

పిల్ల ఎగతాళికి అడగలే, నిజంగనే అడిగింది. ప్రసాదం చేతుల పట్టుకొని నవ్విన. ఇంటికొచ్చినంక నవ్వు రాలే. సక్కగ చెప్పాలంటే కడుపుల ఉన్నదంత బయటికి తీయాలె, వ్రతం కాడ అది మంచిగుండదు. అందుకే ఈడ రాస్తున్న. నా జీతం, ప్రమోషన్లు అడగకుండ్రి. రాసేంత గొప్పగ లేవు.

రెండు దీవులు

దీవుల పేర్లు రాయను. రాస్తే అక్కడోళ్ళు ఎవరు ఎవరో గుర్తుపడతరు. పెద్ద దీవి, చిన్న దీవి అనుకుందాం. పెద్ద దీవిల ఊరుంది, సూపర్ మార్కెట్ ఉంది, ఆస్పత్రి ఉంది. చిన్న దీవిల గొర్లున్నయి, ఒక బడి, ఒక చర్చి, ఒక దుకాణం, పిడికెడు మంది మనుషులు. రెండింటి నడుమ ముప్పై మైళ్ళ సముద్రం. పడవ ఉంది గాని వారానికి రెండుసార్లే పోతది, సగం రోజు పడుతది, చలికాలంల అది గూడ నమ్మకం లేదు. విమానమైతే పదిహేను నిమిషాలు.

ఆ పదిహేను నిమిషాలు అంతట రాసి ఉంటది. మా వెబ్‌సైట్ల, మున్సిపాలిటీ అసోంటి కౌన్సిల్ కాగితాలల్ల, టూరిస్టు పుస్తకాలల్ల. అది అబద్ధమని నేను అంటలే. గాలి లేని రోజు ఈడ చక్రాలు లేచినకాడి నుంచి ఆడ చక్రాలు ఆనేదాక పదిహేను నిమిషాలే. ఎదురుగాలైతే ఎక్కువ, ఎనక గాలైతే తక్కువ. అంతవరకు ఎవరన్న లెక్కగడుతరు, దానికి నేనెందుకు. టైమ్ అంత నేల మీద పోతది. ముసలామెను మెట్లెక్కిచ్చుడు, టపా సంచులు దించుడు, రన్‌వే మీదికొచ్చిన గొర్లను ఎళ్ళగొట్టుడు. టైంటేబుల్ రాసెటోడు ఆకాశం దిక్కు చూస్తే ఖరాబైతడు. నేల దిక్కు చూడాలె.

అలెక్ పంపితే పోయిన

అంతకుముందు నేను బేగంపేట ఎయిర్‌పోర్టుల ట్రాఫిక్ ఆఫీసుల చేసిన. మా ఆవిడ సుజాత నర్సు, ఆమె ఉద్యోగంతోని ఈ దేశం వచ్చినం. ఈ కంపెనీ ఆఫీసు కోవెంట్రీ బయట ఒక బిజినెస్ పార్కుల ఉండె. విమానాలు ఆ కొసకు ఎగురుడేంది, ఆఫీసు ఈడుండుడేంది అని నేను గూడ పరేషానైన. ఓనర్లు ఈడుంటరు, గంతే కారణం.

నా మొదటి బాసు అలెక్, స్కాట్లాండ్ మనిషి. మాటలు తక్కువ, గుర్రుమనుడు ఎక్కువ. చేరిన కొత్తల ఒక టైంటేబుల్ చేసిస్తే అద్దాలు మీదికి నెట్టి చూసిండు.

"చిన్న దీవిల విమానాన్ని పది నిమిషాలల్ల తిప్పి పంపుతున్నవ్. ఎవరు తిప్పుతరు?"

"స్టాఫ్ ఉంటరు గదా."

"చూసినవా వాళ్ళను?"

"లేదు."

"అయితే పో. చూసి రా."

ఈ కంపెనీల నాకు ఎవరన్న పని నేర్పిన్రంటే ఆ ముక్క ఒక్కటే. మిగిలినయన్ని కంప్యూటర్ నేర్పింది. వాళ్ళ మాటలన్ని ఇంగ్లీషుల జరిగినయే, నేను నా తెలుగుల రాస్తున్న.

చిన్న దీవిల విమానం దిగంగనే ఒక షెడ్డు, ఒక చిన్న ఫైరింజన్, దాని పక్కన మందపాటి ఫైర్ కోటు తొడుక్కొని ఒకామె కనపడ్డది. యాభై దాటి ఉంటయి. విమానం ఆగినంక ఆమె ఆ కోటు విప్పి, మెరిసే పచ్చ జాకెట్ ఏసుకొని వచ్చి మా సంచులు దించింది. ఆ జాకెట్ గూడ విప్పి షెడ్డులకు పోయి, బల్ల ఎనక కూసోని, తిరుగు ప్రయాణం వాళ్ళ టికెట్లు చూసింది. ఒక్కొక్కరిని తూకం మీద నిలబెట్టింది. చిన్న విమానం గదా, ఎవరి బరువెంతో తెలిస్తేనే ఎవరిని ఎక్కడ కూసోబెట్టాలో తెలుస్తది.

నా వంతు వచ్చింది. ఆమె తూకం చూసింది, నన్ను చూసింది.

"ఎన్ని కోట్లు తొడుక్కున్నవ్?"

"మూడు."

"ఏ దేశం?"

"ఇండియా. హైదరాబాద్."

"అక్కడ ఎండ ఉంటదంట గదా. మరి ఈడికెందుకొచ్చినవ్?"

"పెండ్లాం ఉద్యోగం."

"నయం. ఈ దీవికొచ్చినోళ్ళల్ల ఇంత మంచి కారణం చెప్పినోళ్ళు తక్కువ."

పేరు ఎల్సీ. మళ్ళ పచ్చ జాకెట్ తొడిగి సంచులు ఎక్కిచ్చింది, బెల్టులు చూసింది, తలుపేసింది. షెడ్డుకు నడిచిపోయి ఫైర్ కోటు తొడుక్కొని బండి పక్కన నిలబడి చెయ్యెత్తింది. అప్పుడు గాని పైలట్ ఇంజన్ స్టార్ట్ చేయలే. ఫైర్ మనుషులు సిద్ధంగ లేంది విమానం లేవొద్దు, దిగొద్దు. అది చట్టం. బండి డ్రైవర్ ఇంకొకాయన ఉంటడు గాని ఆయన బండి ఇడిచి కదలొద్దు. అంటే చెక్-ఇన్ ఆమెనే, కూలి ఆమెనే, ఫైర్ ఆమెనే. ఒకటి అయితేనే ఇంకోటి మొదలు.

వాపసొచ్చి పది నిమిషాలను కొట్టేసి దానికి రెండింతలకు పైన పెట్టిన. అలెక్ చూసి గుర్రుమన్నడు. ఆయన మెచ్చుకుంటే అట్లనే అంటడు.

చలికాలానికి కొవ్వు

టైంటేబుల్ల అవసరానికి మించి వదిలే టైమును బుక్కులల్ల బఫర్ అంటరు. అలెక్ దాన్ని కొవ్వు అంటుండె. చలికాలానికి ఒంటి మీద జర కొవ్వుండాలె అని ఆయన లెక్క. చిన్న దీవి రన్‌వేకు లైట్లు లేవు. చలికాలంల అక్కడ సూర్యుడు వచ్చినట్టే వచ్చి పోతడు, మనం టీ తాగే టైముకు చీకటి. చీకటి పడ్డదంటే ఆ దీవిల విమానం దిగదు, ఎవడు మొత్తుకున్నా దిగదు. అందుకే పగటి ఆఖరు ఫ్లైట్ ముందల నేను చేతినిండ కొవ్వు పెడుతుంటి.

కొన్నేండ్లకు ఎల్సీకి కిడ్నీలు పోయినయి. కోట్లు మార్చే కొలువు ఇడిచిపెట్టింది, ఆమె జాగల ఇంకో ఆమె వచ్చింది, పని మాత్రం అదే. ఎల్సీకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషన్ పెద్ద దీవి ఆస్పత్రిల ఉంటది. పొద్దుగాల ఫ్లైట్‌ల పోవాలె, నాలుగు గంటలు మిషన్ మీద పండుకోవాలె, ఆఖరు ఫ్లైట్‌ల ఇంటికి రావాలె. ఇంట్లనే మిషన్ పెట్టుకోవచ్చు గదా అంటరేమో. దానికి పక్కన తోడు మనిషి ఉండాలె. ఆమె మొగడు సచ్చిపోయి చానేండ్లయింది, పిల్లలు లేరు. పడవ సంగతి చెప్పిన గదా, డయాలసిస్ చేసుకున్న మనిషి సగం రోజు ఆ అలల మీద కూసోలేదు.

అంటే ఆమె ఆ దీవిల, తన ఇంట్ల ఉండుడు అనేది ఆ పగటి ఆఖరు ఫ్లైట్ మీద ఆధారపడ్డది. అది నడిస్తే ఇల్లుంటది. నడవకపోతే ఇల్లు లేదు. గింతే కథ.

నేను ఆమె ఆస్పత్రి టైములు అడిగి తెల్సుకొని, చలికాలం టైంటేబుల్ మొత్తం ఆ ఫ్లైట్ చుట్టు కట్టిన. మిగిలిన దీవులోళ్ళు అర్ధగంట ముందు లేసి నన్ను తిట్టుకున్నరు, తిట్టుకోనీ. మూడు చలికాలాలు ఆమె సక్కగ పోయింది, వచ్చింది. ఆడికి పోయినప్పుడల్ల కలుస్తుండె. "మూడు కోట్లాయనా" అని పిలుస్తుండె. "దుకాణంల నన్ను ఏం కావాలె అని అడగరు, నా సామాన్లు తీసి బల్ల మీద పెడుతరు. ఆ దుకాణం ఇడిచి నేనెక్కడికి పోత" అని ఒకసారి అన్నది.

మార్టిన్, మా బామ్మర్ది

అలెక్ రిటైరైండు. ఆయన జాగల మార్టిన్ వచ్చిండు. అంతకుముందు బిస్కెట్ల కంపెనీల లారీలు తిప్పినోడు. మంచిగ మాట్లాడుతడు, నీ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుంటడు, దీవులకు మాత్రం ఒక్కసారి గూడ పోలే. విమానాలు నేల మీద ఎక్కువసేపు నిలబడుతున్నయని, వాటితోని పగటికి ఇంకో ట్రిప్పు తిప్పియ్యాలని ఆయన పట్టుదల. అందుకు కన్సల్టెంట్లను పిలిచిండు.

వచ్చిన టీముకు లీడర్ మా బామ్మర్ది కిరణ్. సుజాతకు ఒక్కడే తమ్ముడు, మిల్టన్ కీన్స్‌ల ఉంటడు. బావ పనిచేసే కంపెనీ గదా అని ఆ పని వాడు ఉరికి పట్టుకున్నడు. నాకు ముందుగాల సంతోషమే అయింది, దాచేదేముంది. మనోడు సూటేసుకొని మా ఆఫీసుల నడుస్తుంటే మంచిగనే అనిపిచ్చింది.

రెండు నెలలకు వాడు కట్టిన మోడల్ చూసిన. చిన్న దీవి కాడ చెక్-ఇన్, బ్యాగేజ్, ఫైర్ అని మూడు వరుసలు. మూడు పనులు ఒక్కసారే నడుస్తున్నయి. అందుకని విమానం పావుగంట లోపలనే మళ్ళ లేస్తున్నది. మిగిలిన టైములకు ఇంకో దీవి ట్రిప్పు దూరిచ్చిండు. ఆఖరు ఫ్లైట్ సరిగ్గ వెలుతురు కొస మీదికొచ్చి కూసుంది, కొవ్వు అనేది లేకుండ.

నేను మీటింగుల లొల్లి పెట్టలే. ముందు ఇంటికే పిలిచిన. సుజాత మటన్ వండింది. తినుకుంటనే చెప్పిన.

"కిరణ్, ఆ దీవి కాడ ముగ్గురు లేరురా. ఒక్కతే ఉంటది."

"షీట్ల మూడు రోల్స్ ఉన్నయి బావా. మీ ఆఫీసోళ్ళు ఇచ్చిందే."

"మూడు కోట్లున్నయి. మనిషి ఒక్కతే."

వాడు నవ్విండు. "మంచిగ చెప్పినవ్ బావా. కాని ఇప్పుడు మారిస్తే మొత్తం మళ్ళ రన్ చేయాలె. ప్రెజెంటేషన్ మంగళవారమే."

"రన్ చేయకు, ఒక్కసారి పోయి చూసి రా. పదిహేను నిమిషాలే అని నువ్వే రాసినవ్ గదా."

"సైట్ విజిట్ మా స్కోప్‌ల లేదు బావా."

ఎల్సీ గురించి చెప్పిన. ఆ ఫ్లైట్ తప్పితే ఆమె గతేంది అన్న. వాడు ముద్ద ఆపి విన్నడు, నిజం చెప్పాలె, మంచిగనే విన్నడు. "ఒక్క ప్యాసెంజర్ కోసం నెట్‌వర్క్ డిజైన్ చేయలేం బావా" అన్నడు. సుజాత "తినేటప్పుడు ఆఫీసు ముచ్చట ఎందుకు" అని వాని కంచంల ఇంకో గంటె కూర ఏసింది.

ఆ మంగళవారం

మన దిక్కు ఒక పద్ధతుంది, ఈ దేశంల ఇంకా గట్టిపడ్డది. తెల్లోళ్ళ ముంగట మనోన్ని మనం తప్పు అనొద్దు. ఇంట్ల ఏమన్న తిట్టుకో, బయట మాత్రం ఒక్కటే. నేను గూడ ఆ పద్ధతిల పెరిగినోన్నే. అందుకనే వాన్ని ముందు ఇంటికి పిలిచి, కూర పెట్టి చెప్పిన.

మంగళవారం మార్టిన్ బల్ల చివర కూసున్నడు, కిరణ్ తెర కాడ నిలబడ్డడు. ఆ మూడు వరుసలు తెర మీదికొచ్చినయి. నేను చెయ్యెత్తిన. "ఈ మూడు వరుసలు ఒకే మనిషి" అన్న. ఎట్ల ఒకే మనిషో, కోటు విప్పుడు కాడికెళ్ళి చెయ్యెత్తుడు దాక చెప్పిన.

కిరణ్ నా దిక్కు చూసి మెల్లగ "బావా, ప్లీజ్" అన్నడు. ఆ గదిల వినపడ్డ తెలుగు అదొక్కటే. పదకొండేండ్లల్ల ఆ ఆఫీసుల నేను విన్న తెలుగు గూడ అదొక్కటేనేమో.

నేను ఆపలే. ఆఖరు ఫ్లైట్ చీకట్ల పడుతదని, పడితే దిగదని, ఎల్సీ ఇంటికి పోలేదని మొత్తం చెప్పిన. మార్టిన్ కిరణ్‌ను అడిగిండు. "మీరిచ్చిన డేటానే వాడినం" అన్నడు కిరణ్. అదీ అబద్ధం కాదు. మా ఆఫీసుల ఎవరో దీవి ముఖం చూడకుండనే ఆ షీట్ నింపి పంపిన్రు. మార్టిన్ పెన్ను మూతేసి, "సరే, అమలు చేసి గమనిస్తుంటం" అన్నడు.

మౌనికా, ఈ మాట గుర్తుపెట్టుకో. గమనిస్తుంటం అన్నరంటే ఇగ దాని దిక్కు ఎవరు చూడరు.

తర్వాత నెలల కిరణ్ బిడ్డ హాఫ్ శారీ ఫంక్షన్, మిల్టన్ కీన్స్‌ల ఒక స్కూల్ హాల్. ఆడికి పోకముందే సంగతి పోయింది. వాళ్ళ మామగారు నన్ను పక్కకు పిలిచి, "ఏమయ్యా, సొంత బామ్మర్దిని తెల్లోళ్ళ ముంగట అట్ల నిలబెడుతరా?" అన్నడు. డాక్టర్లు, మేనేజర్లు, ఎన్నడు దీవి చూడనోళ్ళు, తలా ఒక మాట. కిరణ్ నాతోని మాట్లాడలే, నా కంచంల స్వీటు మాత్రం వాడే పెట్టిండు. అట్ల పెట్టుడు తిట్టిన దానికంటే ఎక్కువ తగిలింది.

కార్ల వాపసొస్తున్నం. మిల్టన్ కీన్స్ దాటినంక సుజాత అన్నది. "నువ్వు చెప్పింది నిజమే. కాని నువ్వే చెప్పాల్నా?"

"ఇంకెవరు చెప్తరు?"

ఎనక సీట్ల మా బిడ్డ ఉంది. ఈడనే పుట్టింది, తెలుగు మొత్తం అర్థమైతది, జవాబు మాత్రం ఇంగ్లీషే. "డాడ్, ఇట్స్ జస్ట్ ఎ టైంటేబుల్" అన్నది.

కేక్

ఆ చలికాలం నేను చెప్పినట్టే అయింది. చెప్పినట్టే అయితే సంతోషం ఉంటదనుకుంటరు. ఒళ్ళు మండుతది.

పొద్దున ఒక దీవి కాడ కొద్దిగ లేటు, ఇంకో దీవి కాడ కొద్దిగ, అన్ని జమై మధ్యాహ్నానికి ఆఖరు ఫ్లైట్ చీకట్ల పడుతది. పడంగనే క్యాన్సిల్. వారానికి ఒకసారి, తర్వాత రెండుసార్లు. నేను ఆ ఎక్స్‌ట్రా ట్రిప్పు తీసేసి టైంటేబుల్ పెడుతుంటి, మార్టిన్ దాన్ని మళ్ళ దూరుస్తుండె. నాకు రెండుసార్లు వార్నింగ్ గూడ ఇచ్చిండు, చాన మర్యాదగ.

ఒకనాడు ఆడికే పోయిన. పెద్ద దీవి ఎయిర్‌పోర్టుల ఎల్సీ ప్లాస్టిక్ కుర్చీల కూసోని ఉన్నది. మిషన్ మీద నుంచి వచ్చినోళ్ళ ముఖం ఎట్లుంటదో సుజాత చెప్తే ఇన్న, ఆనాడు కండ్లతోని చూసిన. ఉతికి పిండినట్టుంటరు. అద్దంల బయట ఇంకా కొంచెం వెలుగున్నది. విమానం ఇంకో దీవి నుంచి రావాలె. వస్తదేమో అని ఇద్దరం చూస్తున్నం. కౌంటర్ పిల్ల మైకుల క్యాన్సిల్ అని చెప్పింది.

ఎల్సీ సంచిల నుంచి ఇంట్ల తొడుక్కునే మెత్తటి చెప్పులు తీసి, బూట్లు విప్పి, అవి తొడుక్కుంది.

"ఇవి ఎప్పటి సంది మోస్తున్నవ్?" అని అడిగిన.

"అక్టోబర్ సంది. రాత్రి బట్టలు గూడ ఉంటయి. ఎందుకైనా మంచిదని."

"నేను చెప్పిన ఎల్సీ. వాళ్ళు ఇనలే."

"నువ్వు చెప్పినవని నాకు ఎరుకే." అద్దం దిక్కు తిరిగింది. "ఇంట్ల పొయ్యి ఆరిపోయి ఉంటది. రేపు పోయేవరకు గోడలు గడ్డకడుతయి. అది ఏడి కావాల్నంటే ఒక రోజు పడుతది, ఆ ఎల్లుండే నేను మళ్ళ ఈడికి రావాలె. నాకిప్పుడు ఇంట్ల చలి కాగుడే తప్ప ఇల్లు లేదు."

ఆమె సంచి పట్టుకొని లాడ్జి దాక నడిచిన.

మార్చిల ఆఫీసుల కేక్ కోసిన్రు. మా కంపెనీ విమానాలు ఎన్నడు లేనంత టైముకు నడిచినయట. ఎట్ల అంటే, క్యాన్సిలైన ఫ్లైట్ లేటు కిందికి రాదు. ఎగరని విమానానికి ఆలస్యం ఉండదు గదా. ఆఖరు ఫ్లైట్ ఎన్నిసార్లు పోకుంటే లెక్క అంత మంచిగైతది. మార్టిన్ ఇది తెల్వక చేసిండని నేను అనుకోను. నాకు గూడ ఒక ముక్క ఇచ్చిన్రు. చాక్లెట్ కేక్. మంచిగనే ఉండె, అబద్ధమెందుకు.

ఆ ఎండకాలం ఎల్సీ ఇల్లు తాళమేసి పెద్ద దీవిల కౌన్సిల్ ఫ్లాట్‌కు మారింది. పోయిన చలికాలం చాలు అన్నది. ఆ ఫ్లైట్ ఎక్కెటోళ్ళల్ల తప్పకుండ ఎక్కేది ఆమెనే. ఆమె పోయినంక సీట్లు ఖాళీ. ఇంకో రెండేండ్లకు మార్టిన్ ఒక స్లైడ్ చూపిచ్చిండు. ఆ దీవికి డిమాండ్ లేదట. ముందు వారానికి ఒక్కరోజు చేసిన్రు, తర్వాత అదీ ఎత్తేసిన్రు. చివరికి వాళ్ళకు పడవే మిగిలింది. ఆ లైనును టైంటేబుల్ల నుంచి తీసేసే పని నాదే గదా, నేనే తీసేసిన. డిలీట్ కొడితే పోతది, ఒక్క మీటనే.

నా తీర్పు

కిరణ్ చెడ్డోడు కాదు. ఇప్పుడు మాట్లాడుతడు గూడ, పండుగలకు ఫోన్ చేస్తడు. నేను దిగిన రోజు, "బావా, మోడల్ల తప్పు లేకుండె, షీట్‌ల ఉండె" అన్నడు. మార్టిన్‌ను అడిగితే మోడల్ చెప్పింది చేసినం అంటడు. షీట్ నింపినోన్ని అడిగితే అడిగినయి రాసిచ్చిన అంటడు. అందరి మాట కరెక్టే. అందరు కరెక్టుగుండి ఒక ముసలామె ఇల్లు ఊడగొట్టిన్రు. నాకు ఇయ్యాల్టికీ మండేది గక్కడనే.

ఇంకోటి గూడ మండుతది. కాగితం మీద మూడు పనులుంటే ముగ్గురు మనుషులుంటరని కిరణ్ ఎట్ల నమ్మిండు? మా అత్తమ్మ, వాని తల్లి, బల్దియా స్కూల్ల పాఠాలు చెప్పింది, ఇంటికొచ్చి పది మందికి వండింది, మంచాన పడ్డ వాళ్ళ నానమ్మకు సేవ చేసింది. ఒక్కతే, చీర కొంగు దోపుకొని. ఆ ఇంట్ల పెరిగినోడు వాడు.

మౌనికా, ఫస్ట్ ఏం నేర్చుకోవాలె అన్నవ్. నువ్వు రాసే ప్రతి లైన్‌ల ఒకసారి టికెట్ తీసుకొని కూసో. కంపెనీ పంపకపోతే సెలవు పెట్టి పో. ఆడ దిగినంక ఎవరు ఏ కోటు ఏసుకుంటున్నరో, ఏ కోటు విప్పుతున్నరో చూడు. చూసినంక నోరు మూసుకోకు. మనోడైనా సరే, తెల్లోడైనా సరే. చెప్తే ఆగుతదని నేను హామీ ఇయ్యలేను. నాకైతే ఆగలే.

కిటికీ

రిటైరైనంక సుజాతను తీసుకొని ఆ పెద్ద దీవికి పోయిన. ఎల్సీ ఫ్లాట్ రెండో అంతస్తుల, చిన్నది, ఏడిగ ఉంది. సుజాత నర్సు గదా, లోపలికి పోంగనే ఎల్సీ చెయ్యి పట్టుకొని సూదులు గుచ్చే జాగ చూసింది. తర్వాత ఆమెను కూసోబెట్టి టీ తనే పెట్టింది.

"ఈడ బాగుందా?" అని సుజాత అడిగింది.

"ఏడిగుంది. ఆస్పత్రి నడిచిపోయేంత దూరం. అందరు అదృష్టం అంటరు." ఎల్సీ కిటికీ దిక్కు చెయ్యి చూపిచ్చింది. "అటు చూడు. మబ్బు లేని రోజు మా దీవి కనపడుతది."

చూసినం. సముద్రం కొసకు సన్నగ, గోరంత మందంల ఒక నల్లటి గీత. సుజాత కిటికీ కాడ నిలబడి చానసేపు చూసింది. ఆ సాయంత్రం లాడ్జికి పోయినంక తమ్మునికి ఫోన్ చేసి, "ఒక్కసారి ఈడికొచ్చి చూసి పోరా, నీకు పుణ్యముంటది" అన్నది. వాడు ఇంకా పోలే.

మేం లేవబోతుంటే ఎల్సీ నన్ను పిలిచింది. "మూడు కోట్లాయనా, నీ పని దూరాలు లెక్కగట్టుడే గదా. ఈడి నుంచి మా ఇంటికి ఇప్పుడు ఎంత దూరమో లెక్కగట్టి చెప్పు."

నవ్వుకుంటనే అడిగింది. చెప్త అని వచ్చిన.

వ్రతం కాడి నుంచి ఇంటికొచ్చినంక మౌనిక చూపిచ్చిన ఆ సైట్ల రెండు దీవుల పేర్లు కొట్టిన. ముప్పై మైళ్ళు, పదిహేను నిమిషాలు అని వచ్చింది. ఆ రెండింటి నడుమ విమానమే లేదన్న సంగతి సైటుకు తెల్వదు. పోయిన ఆదివారం ఎల్సీకి ఫోన్ చేస్తే, లెక్క తేలిందా అని మళ్ళ అడిగింది. తేలలే అన్న.